గడ్డకట్టక ముందు ఏం జరిగింది: ఒక రీఫర్ కంటైనర్, ఐదు లైన్ల కథ

కాకినాడలో కస్టమ్స్ బ్రోకర్ పని అంటే చాలావరకు బియ్యం ఎగుమతి, వంటనూనెల దిగుమతి, ఎరువుల ఓడలు. వాటి హెడింగ్‌లు, అంటే ఏ సరుకు ఏ వర్గంలో పడుతుందో చెప్పే టారిఫ్ నంబర్లు, నిద్రలో లేపి అడిగినా చెప్తాం. ఫ్రోజెన్ కూరగాయలు తెచ్చే రీఫర్లు, అంటే కరెంటుతో చల్లగా ఉంచే కంటైనర్లు, మాత్రం నా చేతికి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. తెలిసిన హెడింగే కదా అన్న ధీమాతో ఫైల్ చేసి, పదకొండు రోజులు నిద్ర చెడగొట్టుకున్న కేసు ఇది. నా తప్పు ఎంత, క్లయింట్ తప్పు ఎంత, ఆఫీసర్ అతి ఎంత అన్నది దాచకుండా రాస్తున్నాను.

క్లయింట్‌ది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్. పట్టుబళ్లు తగ్గిన నెలల్లో కోల్డ్ స్టోరేజీలో సగం ఖాళీ. కరెంటు బిల్లు మాత్రం తగ్గదు. మైనస్ 18 డిగ్రీల గదిని ఊరికే తిప్పే బదులు ఏదో ఒకటి పెట్టి అమ్ముదామని ఆయన ఫ్రోజెన్ కూరగాయల వ్యాపారంలోకి దిగారు. కొనేవాళ్లు కేటరింగ్ వాళ్లు, రాజమండ్రి, భీమవరం, కాకినాడ హోటళ్లు. ఇప్పుడు మన పెళ్లి భోజనాల్లో గుత్తి వంకాయ, పనసపొట్టు కూర పక్కన బ్రోకలీ వేపుడు కూడా పెడుతున్నారు కదా, ఆ గిరాకీ అన్నమాట.

సరుకు బెల్జియం నుంచి. అంతకుముందు రెండు కంటైనర్లు వేరే బ్రోకర్ ద్వారా వచ్చాయి. మూడోది 2023 వేసవిలో నా దగ్గరికి వచ్చింది. ఓడ దిగేది విశాఖలో.

ఇన్‌వాయిస్‌లో ఐదు లైన్లున్నాయి. బ్రోకలీ. క్యారెట్, బఠాణీ, బీన్స్, స్వీట్ కార్న్ కలిపిన మిక్స్. ఉప్పు కలిపిన తరిగిన పాలకూర. క్యాప్సికం, జుకినీ, వంకాయ ముక్కల మెడిటరేనియన్ మిక్స్. స్టిర్ ఫ్రై మిక్స్. ప్రతి లైనుకీ ముందు ఐక్యూఎఫ్ అన్న మాట ఉంది, అంటే ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా, వేగంగా గడ్డకట్టించిన సరుకని అర్థం. రొయ్యల వాళ్లకి ఇది ఉగ్గుపాలతో వచ్చిన మాట. పాత రెండు బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి వేసే పత్రాలు) తెప్పించి చూశాను. అన్నీ గడ్డకట్టించిన కూరగాయల హెడింగ్ 0710 లోనే పోయాయి. నేనూ ఐదు లైన్లూ 0710 లోనే వేసి, ఓడ రాకముందే ఫైల్ చేశాను. పాత బిల్లుని చూసి కొత్త బిల్లు వేయడం మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బు. నాకూ ఉంది.

అసలు గొడవ దేనికి

మన టారిఫ్‌లో 7వ చాప్టర్ కూరగాయలది. అందులో 0710 హెడింగ్ ఏం చెప్తుందంటే, పచ్చివి గానీ, ఆవిరి మీద లేదా నీళ్లలో ఉడికించినవి గానీ అయిన కూరగాయలు, గడ్డకట్టించినవి. 20వ చాప్టర్ తయారుచేసిన, నిల్వచేసిన ఆహారాలది. అందులో 2004 హెడింగ్ కింద వెనిగర్‌తో కాకుండా వేరే విధంగా తయారుచేసిన గడ్డకట్టిన కూరగాయలు వస్తాయి. రెండూ గడ్డకట్టినవే, రెండూ మైనస్ 18 లోనే వస్తాయి, చూడ్డానికి రెండూ ఒకే రకం అట్టపెట్టెలు. తేడా ఎక్కడుందో 20వ చాప్టర్ మొదటి నోటే చెప్తుంది. 7వ చాప్టర్‌లో పేర్కొన్న పద్ధతుల్లో తయారైన కూరగాయలు ఇక్కడికి రావు, ఆ పద్ధతులు దాటితేనే ఇక్కడికి వస్తాయి. అంటే చలి ఎంత అన్నది కాదు ప్రశ్న, చలిలో పెట్టే ముందు ఆ ముక్కని ఏం చేశారన్నది.

డబ్బు లెక్క చూడండి. బేసిక్ కస్టమ్స్ డ్యూటీ రెండింటికీ 30 శాతమే. దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి. లక్ష రూపాయల సరుకుకి 30,000, దాని మీద 3,000, మొత్తం 33,000. ఇక్కడిదాకా ఏ తేడా లేదు. తేడా అంతా దిగుమతి మీద పడే జీఎస్టీలో, అంటే ఐజీఎస్టీలో. 0710 సరుకుకి 2019 జనవరి నుంచి జీఎస్టీ సున్నా. 2004 సరుకుకి అప్పట్లో 12 శాతం. 1,33,000 మీద 12 శాతం అంటే 15,960. లక్షకి పదహారు వేల తేడా.

మన కంటైనర్ విలువ 26 లక్షలు. అందులో మెడిటరేనియన్, స్టిర్ ఫ్రై కలిపి 9 లక్షలు.

క్వెరీ

ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చాక ఫైలు ఏ ఊళ్లో ఎవరి టేబుల్ మీద ఉందో మనకి తెలియదు. పాత రోజుల్లో అయితే గ్రూప్ ఆఫీసుకి వెళ్లి, కేటలాగ్ చూపించి, రెండు మాటలు చెప్పి వచ్చేవాళ్లం. ఇప్పుడు స్క్రీన్ మీద క్వెరీ, స్క్రీన్ మీదే జవాబు. ఆ రోజు వచ్చిన క్వెరీలో ఉన్నది ఇంతే: పాలకూరలో ఉప్పు ఉంది, మిక్స్‌లు ఉడికించినవి, లేబుల్ మీద పొద్దుతిరుగుడు నూనె కనిపిస్తోంది, కాబట్టి ఐదు లైన్లనూ 2004 లోకి ఎందుకు మార్చకూడదు?

నూనె ఎక్కడి నుంచి వచ్చింది అని నేనే కస్టమ్స్ కాగితాలు ఎక్కించే ఈ-సంచిత్‌లో అప్‌లోడ్ చేసిన లేబుళ్లు తీసి చూశాను. నాలుగో లైను లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఆహార భద్రత క్లియరెన్స్ కోసం నా చేతులతో నేనే ఎక్కించిన కాగితం. చదవలేదు. అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి, సప్లయర్ ప్యాకింగ్ లిస్టులో ఆ రెండు లైన్లకి వాళ్ల దేశపు కోడ్ వేసి ఉంది. మొదటి ఆరు అంకెలు 2004 90. సరుకుల కోడ్‌లకి దేశాలు ఉమ్మడిగా వాడే హెచ్‌ఎస్ పద్ధతిలో మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే. అమ్మినవాడు తన కోడ్ రాసి పంపాడు, మేం దాన్ని దాటుకుని పాత బిల్లు చూసి వేశాం.

ఐదు లైన్లూ 2004 కి పోతే అదనపు ఐజీఎస్టీ 4,14,960. దానికి తోడు కంటైనర్ ప్లగ్‌లో ఉంది. రీఫర్‌కి రోజువారీ కరెంటు చార్జీ, ఫ్రీ డేస్ అయ్యాక అద్దె. కస్టమ్స్ చట్టం సెక్షన్ 49 కింద తేలేదాకా గోదాములో పెట్టుకునే వీలు చట్టంలో ఉంది గానీ, ఆ గోదాము మైనస్ 18 ది కావాలి. అది చట్టం ఇవ్వదు. క్లయింట్‌కి ఫోన్ చేస్తే ఆయన గొంతులో టెన్షన్ నాకు వినపడింది. "ఏవండీ, రెండు సార్లు పోయిన సరుకేనండి ఇది, మూడోసారి మారిపోతుందా?" అన్నారు. సరుకు మారలేదు, ఈసారి చదివినవాళ్లున్నారు అని చెప్పలేక, రేపు పొద్దున్న వస్తున్నానండీ అన్నాను.

భీమవరంలో ఒక బీకరు

పొద్దున్నే బయల్దేరి యానాం, అమలాపురం, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా వెళ్లాను. ఆ దారి నాకిష్టం, ఆ రోజు మాత్రం కిటికీలోంచి ఒక్క కొబ్బరిచెట్టు కూడా చూడలేదు.

పాత కంటైనర్ సరుకు ఇంకా కొంత ఆయన స్టోరేజీలో ఉంది. ఐదు రకాల పాకెట్లూ తెప్పించాం. ప్లాంట్‌లో క్వాలిటీ చూసే అమ్మాయి, రోజంతా రొయ్యల మీద ఐస్ గ్లేజింగ్ (పైన మంచు పూత) శాతం తూచే అమ్మాయి, ఐదు గాజు బీకర్లలో గోరువెచ్చని నీళ్లు పోసి ఒక్కోదాంట్లో గుప్పెడు ముక్కలు వేసింది. బ్రోకలీ నీళ్లు తేటగానే ఉన్నాయి. నాలుగు కూరల మిక్స్ కూడా అంతే, క్యారెట్ రంగు కాస్త దిగింది. పాలకూర నీళ్లు పచ్చబడ్డాయి, నాలుక మీద పెడితే లేత ఉప్పదనం. నాలుగో బీకరులో నిమిషం తిరక్కుండా పైన నూనె చుక్కలు తేలాయి, చారు మీద తాలింపు తేలినట్టు. ముక్కలు బయటికి తీసి స్టీలు పళ్లెంలో పెడితే వంకాయ చెక్కల మీద అడ్డంగా నల్లటి గీతలు, గ్రిల్ కాల్చిన గుర్తులు. ఐదో బీకరులో ముక్కల మధ్య గోధుమరంగు గోళీల్లాంటివి కరిగి నీళ్లు చిక్కబడ్డాయి. సాస్‌ని చిన్న ఉండలుగా గడ్డకట్టించి కూరగాయలతో కలిపేశారు. పెనం మీద వేయగానే అది కరిగి పట్టేలాగా.

క్లయింట్ ఇంకా ఒప్పుకోలేదు. "కూరగాయ కూరగాయేనండి. కాస్త నూనె రాసినంత మాత్రాన జాతి మారిపోద్దా?"

దానికి జవాబు టారిఫ్ పుస్తకంలో వెతకనక్కర్లేదు, ఆయన వ్యాపారంలోనే ఉంది. "మీరు పచ్చి వెన్నామీ రొయ్యని ఫ్రీజ్ చేసి 0306 లో పంపుతారు. అదే రొయ్యకి పిండి, బ్రెడ్ పొడి పట్టించి పంపితే ఏ కోడ్ వేస్తారండీ?"

"1605."

"రొయ్య రొయ్యేగా మరి?"

ఆయన కాసేపు బీకర్ల వైపు చూశారు. "ఆయ్. అలా అంటారా," అన్నారు. పనిచేసే చోట అర్థమయ్యే మాట పుస్తకంలో వంద పేజీలు చదివినా అర్థం కాదని అప్పుడనిపించింది. టీ తాగి, సప్లయర్‌కి మెయిల్ పెట్టాం. ఐదు సరుకులకీ ప్రాసెస్ ఫ్లో చార్టు కావాలి, ఏ దశలో ఎంత వేడి, ఏ మాధ్యమం, ఏం కలిపారు, ఎంత శాతం, అన్నీ రాసి, సంతకం చేసి పంపమన్నాం. సాయంత్రానికి వచ్చింది. అడిగితే ఒక్క పూటలో వచ్చే కాగితం, అడగకపోతే ఎప్పటికీ రాదు.

జవాబు రాసిన తీరు

మెడిటరేనియన్, స్టిర్ ఫ్రై లైన్లు వదిలేసుకుందామని దారిలోనే నిర్ణయించుకున్నాను. గెలవని రెంటి కోసం వాదిస్తే గెలిచే మూడూ పోతాయి. ఆఫీసర్‌కి మన మీద నమ్మకం కావాలంటే ముందు మన తప్పు మనమే ఒప్పుకోవాలి. నాలుగో లైను గ్రిల్ మీద కాల్చి నూనె పట్టించినది. 0710 ఒప్పుకునేది ఆవిరిని, నీళ్లని. నిప్పుని కాదు. ఐదో లైను ఇంకా తేలిక. 2004 మీద హెచ్‌ఎస్‌ఎన్ వివరణలోనే, అంటే ఆ హెచ్‌ఎస్ కోడ్‌లకి ఉన్న వివరణ నోట్‌లోనే, వెన్నతోనో మరో సాస్‌తోనో కలిపి సంచిలో గడ్డకట్టించిన క్యారెట్, బఠాణీ లాంటి కూరగాయల ఉదాహరణ ఉంది. అలాంటి సంచి మా చేతిలోనే ఉంది.

సాస్‌ని విడిగా చిన్న పాకెట్‌లో పెట్టి, ఆ పాకెట్‌ని కూరగాయల సంచిలో వేసి ఉంటే మాత్రం నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ కూరగాయలు కేవలం బ్లాంచ్ చేసినవే (వేడినీళ్లలో కాసేపు ముంచి తీసినవే), సాస్ పక్కన ఉంది, కలిపి అమ్మే సెట్‌కి ప్రధాన గుణం కూరగాయదే అని ఇంటర్‌ప్రిటేటివ్ రూల్ 3(బి) కింద వాదించే చోటు ఉంది. గెలుస్తామని హామీ ఇవ్వను. అలాంటి సరుకు పెద్ద ఎత్తున తెచ్చేవాళ్లు సెక్షన్ 28హెచ్ కింద, సరుకు తెచ్చేముందే కోడ్ తేల్చుకునే అడ్వాన్స్ రూలింగ్‌కి వెళ్లడం మంచిది. ఇక్కడ సాస్ ఉండలు ముక్కల్లో కలిసిపోయి ఉన్నాయి కాబట్టి ఆ వాదన లేదు.

మిగతా మూడు లైన్లకి గట్టిగా నిలబడ్డాం. ఉడికించారు కాబట్టి 2004 అంటే కుదరదు, ఆవిరి మీద, నీళ్లలో ఉడికించడం 0710 హెడింగ్ మాటల్లోనే ఉంది. నిజానికి ఇవి పూర్తిగా ఉడికినవి కూడా కావు. ఫ్లో చార్టులో బ్లాంచింగ్ దశ ఉంది, 95 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు, వెంటనే చల్లటి నీళ్లు, తర్వాత మైనస్ 35 గాలిలో ఫ్రీజింగ్. బ్లాంచింగ్ ఎందుకు చేస్తారంటే ముక్కలోని ఎంజైములు పనిచేయకుండా ఆపడానికి, లేకపోతే ఫ్రీజర్‌లో కూడా మెల్లగా రంగు, రుచి పోతాయి. వంట కోసం కాదు, నిల్వ కోసం. ఇక పాలకూరలో ఉప్పు. ఫ్రీజ్ చేసేముందు ఉప్పు గానీ చక్కెర గానీ కలిపినా సరుకు 0710 లోనే ఉంటుందని ఆ హెడింగ్ మీద హెచ్‌ఎస్‌ఎన్ వివరణ సూటిగానే చెప్తుంది. వర్గీకరణకి హెచ్‌ఎస్‌ఎన్ నమ్మదగ్గ దారి అని సుప్రీంకోర్టు 1995 లో వుడ్ క్రాఫ్ట్ ప్రొడక్ట్స్ కేసులో చెప్పింది. వేరే హెడింగ్ అనేవాళ్లే దాన్ని రుజువు చేయాలని హెచ్‌పీఎల్ కెమికల్స్ కేసులో చెప్పింది. రెండూ ఒక్కో వాక్యంలో రాసి వదిలేశాను. తీర్పులు గుమ్మరిస్తే చదివేవాళ్లకి విసుగు.

మూడు లైన్లూ ఒప్పుకోకపోతే సెక్షన్ 18 కింద ప్రొవిజనల్ (తాత్కాలిక) అసెస్‌మెంట్ చేసి సరుకు వదలమని, లేదా సెక్షన్ 17(5) కింద పదిహేను రోజుల్లో కారణాలతో ఆర్డర్ ఇవ్వమని చివర రాశాను. బెదిరింపులా కాదు, దారి చూపించినట్టు.

మధ్యలో సరుకు చెక్ చేసి లాబ్‌కి పంపుదామా అన్న ప్రశ్న వచ్చింది. నేను వద్దనలేదు. కానీ నూనె ఎంత శాతమో లాబ్ చెప్తుంది, క్యారెట్‌ని ఉడికించింది నీళ్లలోనా ఇంకెందులోనా అన్నది ఫ్లో చార్టే బాగా చెప్తుంది అని రాశాను. దాని మీద మళ్లీ ఒక క్వెరీ, చార్టు మీద ఫ్యాక్టరీ స్టాంపు సరిగ్గా కనపడట్లేదని. మళ్లీ స్కాన్. మూడు రోజులు దానికే పోయాయి.

పదకొండో రోజున తేలింది. మూడు లైన్లు 0710 లోనే నిలిచాయి. రెండు లైన్లు 2004 90 00 కి మారాయి. కట్టింది 1,43,640 రూపాయలు. నాలుగు లక్షల పదిహేను వేలు అనుకున్నది లక్షా నలభై నాలుగు వేల లోపు తేలింది. రీఫర్ అద్దె, కరెంటు కలిపి ఆయనకి ఇంకో దెబ్బ. అందులో కొంత నా ఫీజులోంచి తగ్గించుకున్నాను. ఆయన అడగలేదు, నాకే బాగోలేదు.

పాత రెండు కంటైనర్లు

చాలామంది ఇక్కడితో ఫైలు కట్టేస్తారు. నాకు అసలు గుబులు ఇక్కడే మొదలైంది. పాత రెండు కంటైనర్లలో కూడా ఇవే మెడిటరేనియన్, స్టిర్ ఫ్రై మిక్స్‌లు ఉన్నాయి, రెండూ కలిపి 7 లక్షల విలువ. సెక్షన్ 28 కింద మామూలుగా రెండేళ్ల లోపు డిమాండ్ ఇవ్వొచ్చు. దాచిపెట్టారని తేలిస్తే అయిదేళ్లు, దానికి తోడు పెనాల్టీ. ఇప్పుడు మూడో కంటైనర్‌లో మనమే రాతపూర్వకంగా ఒప్పుకున్నాం. ఇక పాతవి బయటపడకుండా ఉంటాయా?

నోటీసు రాకముందే తేడా, వడ్డీ కట్టేస్తే మామూలు కేసులో పెనాల్టీ లేకుండా ముగించే దారి సెక్షన్ 28(1)(బి) లో ఉంది. 1,11,720 రూపాయల తేడా, దాని మీద ఏడాదికి 15 శాతం వడ్డీ. క్లయింట్ మొదట ఊగిసలాడారు. "అడగందే ఇవ్వడమేంటండీ?" అన్నారు. ఆయన అన్నగారు, లెక్కలు చూసేది ఆయనే, కలగజేసుకుని "కట్టేయరా, రోజూ భయపడుతూ కూర్చోలేం" అన్నారు. కట్టేశారు.

ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పోర్టులో వేసిన కోడ్ పోర్టులోనే ఆగిపోదు. 0710 అని దించిన సరుకుని ఆయన సున్నా జీఎస్టీ బిల్లు మీద హోటళ్లకి అమ్మారు. ఇప్పుడది 2004 అయితే ఆ అమ్మకాల మీద కూడా 12 శాతం బాకీ. రిజిస్టరైన వ్యాపారి కట్టిన ఐజీఎస్టీని, తన అమ్మకాల పన్నులోంచి తగ్గించుకునే క్రెడిట్‌గా తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు, కానీ జీఎస్టీ రూల్ 36 అడిగేది బిల్ ఆఫ్ ఎంట్రీని, మా చేతిలో ఉన్నది తర్వాత కట్టిన చలానా. కొనే హోటల్ 5 శాతం స్కీములో ఉంటే దానికి క్రెడిట్ లేదు, కాబట్టి ఆ 12 శాతం ధరలోనే కూర్చుంటుంది. ఆ ముడి ఆయన జీఎస్టీ ఆడిటర్ విప్పాల్సింది, నేను కాగితాలన్నీ ఇచ్చి పక్కకి జరిగాను. వర్గీకరణ అంటే పోర్టు గేటు దాకానే అనుకునే క్లయింట్లకి మాత్రం ఇప్పుడు మొదటి మీటింగ్‌లోనే ఈ ముక్క చెప్తున్నాను.

ఆ తర్వాత నా ఆఫీసులో ఒక మార్పు వచ్చింది. ఫ్రోజెన్ సరుకు ఏదైనా ప్రాసెస్ ఫ్లో చార్టు, పూర్తి ఇంగ్రేడియంట్ లిస్టు రాకుండా బిల్ ఆఫ్ ఎంట్రీ టైపు చేయనివ్వను. ఎగుమతులకీ అదే పద్ధతి. కోనసీమ నుంచి ఒకాయన గడ్డకట్టించిన చేమదుంప ముక్కలు పంపుతానని వచ్చారు, 0710 అని రాసుకుని. చేమదుంప గడ్డకట్టినా, ఎండినా, పచ్చిగా ఉన్నా 0714 లోనే ఉంటుంది, పిండిపదార్థం ఎక్కువున్న దుంపలకి ప్రత్యేకంగా ఆ హెడింగ్ పెట్టారు. చిలగడదుంపదీ అదే దారి. బంగాళాదుంప మాత్రం అందులో లేదు. అది బ్లాంచ్ చేసి ఫ్రీజ్ చేస్తే 0710 10, నూనెలో వేపి ఫ్రీజ్ చేస్తే 2004 10.

2025 సెప్టెంబర్ 22 నుంచి 2004 సరుకు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. లక్షకి 15,960 ఉన్న తేడా ఇప్పుడు 6,650. భీమవరం క్లయింట్ ఆ వారమే ఫోన్ చేశారు, ఇంక అంత పట్టింపు ఎందుకండీ అంటూ. మాటల్లోనే కొత్త సరుకు సంగతి చెప్పారు: స్వీట్ కార్న్, నిప్పుల మీద కాల్చి, గింజలు ఒలిచి, ఫ్రీజ్ చేసినది. మన ఏటిగట్టు మీద సాయంత్రం పూట కాల్చి అమ్మే పొత్తుల్లాగే ఉంటుందట. చార్టు పంపించారు. కాల్చడం, ఒలవడం, ఫ్రీజింగ్, ప్యాకింగ్. ఉప్పు లేదు, నూనె లేదు, సాస్ లేదు.

"ఇదైనా 0710 కదండీ? నూనె చుక్క లేదు."

"నూనె లేదండీ. నీళ్లూ లేవు కదా."

ఫోన్‌లో ఒక క్షణం చప్పుడు లేదు. "2004 వేసేయండి," అన్నారు.